బస్తర్ గొంతులు - సర్వరు అరలు

ఇంద్రావతి నది ఒడిశా కొండలలో పుట్టి, బస్తర్ పీఠభూమి మీదుగా పడమరకు ప్రవహించి, భోపాలపట్నం ప్రాంతంలో గోదావరితో సంగమిస్తున్నది. ఆ నదికి ఇరువైపులా ఉన్న అడవులలో, పల్లెలలో ఒకే సంతకు వచ్చిన జనం నోట నాలుగైదు భాషలు వినిపిస్తాయి. హల్బీ, గోండీ, భత్రీ, ధుర్వీ, దోర్లీ అక్కడి ప్రజల మాటలు. దక్షిణాన కోంటా, భోపాలపట్నం వైపు తెలుగు కూడా వాడుకలో ఉన్నది. ఓరుగల్లు కాకతీయుల వంశీయుడైన అన్నమదేవుడు బస్తర్ రాజ్యాన్ని స్థాపించాడని అక్కడి సంప్రదాయం. అందుచేత తెలుగువారికి బస్తర్ దూరపు సీమ కాదు.

ఈ భాషలలో గోండీది ఒక విచిత్రమైన స్థితి. 2011 జనగణన ప్రకారం దానిని మాతృభాషగా పేర్కొన్నవారు సుమారు 29 లక్షల 84 వేలమంది. వారు ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, తెలంగాణ, ఒడిశా మొదలైన రాష్ట్రాలలో విస్తరించి ఉన్నారు. ఉత్తరాన ఆ భాషను నాగరిలిపిలో వ్రాస్తారు. ఆదిలాబాదు ప్రాంతంలో తెలుగు లిపిలో వ్రాస్తారు. పాటలు, కథలు, మొరలు ఇంతకాలం నోటనే నిలిచాయి. ఇటీవలి కాలంలో వాటిని యంత్రాలలో భద్రపరచే యత్నాలు మొదలైనవి. భద్రపరచిన దానిని తిరిగి వెదకి తీసుకొనుట ఎట్లా అన్న ప్రశ్న అక్కడినుండే పుట్టినది. ఈ వ్యాసం ఆ ప్రశ్నను గురించినది.

ఫోనులో ఒక పత్రిక

2010వ సంవత్సరంలో 'సీజీనెట్ స్వర' అనే సేవ ప్రారంభమైనది. పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి దీనికి మూలపురుషుడు. చదువు రానివారు, వార్తాపత్రిక చేరని పల్లెలవారు సైతం మామూలు ఫోనుతోనే తమ మాట లోకానికి చెప్పుకొనవచ్చుననుట దీని ఆశయం. ఫోను చేసినవారికి ఒక గొంతు వినిపిస్తుంది. ఒకటవ అంకె నొక్కితే తమ మాటను నమోదు చేయవచ్చు. రెండవ అంకె నొక్కితే ఇతరుల మాటలు వినవచ్చు. అందని కూలి డబ్బులు, చెడిపోయిన చేతిపంపు, బడికి రాని ఉపాధ్యాయుడు, రేషను దుకాణం తీరు - ఇవన్నీ అందులో చోటుచేసుకున్నాయి. పాటలు కూడా వచ్చాయి. వచ్చిన ప్రతి సందేశాన్ని శిక్షణ పొందినవారు విని, సరిచూసి, ఆ పిమ్మట విడుదల చేసేవారు.

మొదటి ఇరవై నెలలలో ఈ సేవకు డెబ్బది వేలకు పైగా ఫోను పిలుపులు వచ్చినవి. విడుదలైన సందేశాలు సుమారు పదకొండు వందలు. అనగా విడుదలైన ఒక్కొక్క సందేశానికి అరవైకి మించిన పిలుపులు. ఆ పదకొండు వందలలో తనకు కావలసినది ఏదో, అది ఎక్కడ ఉన్నదో వినవచ్చినవానికి తెలియకపోతే, వాటిని భద్రపరచి ప్రయోజనం స్వల్పం. గాదెలో ధాన్యం నిండుగా ఉండి తలుపు కానరాకపోతే ఆకలి తీరదు. ఆ తలుపే జాబితా.

అర, అరలో అర

ఇటువంటి నిధి అంతా 'సర్వరు' అనబడే యంత్రంలో ఉంటుంది. సర్వరు అనగా అడిగినవారికి అడిగినది అందించుటకు అనుక్షణం సిద్ధంగా ఉండే కంప్యూటరు. దానిలో ఒక్కొక్క పాట, ఒక్కొక్క పుస్తకం, ఒక్కొక్క చిత్రం ఒక్కొక్క ఫైలు. ఫైళ్ళను ఉంచే అరలను ఫోల్డర్లంటారు. ఒక ఫోల్డరులో ఫైళ్ళే గాక వేరు ఫోల్డర్లు కూడా ఉండవచ్చు, వాటిలో మరికొన్ని. బీరువాలో అర, అరలో పెట్టె, పెట్టెలో సంచి ఉన్నట్లు ఈ అమరిక సాగుతుంది. 1960వ దశకంలో 'మల్టిక్స్' అనే వ్యవస్థలో ఈ పద్ధతి రూపుదిద్దుకొని, 1969లో మొదలైన 'యూనిక్స్' ద్వారా ప్రపంచమంతటా వ్యాపించినది.

ఇక్కడ పాఠకులు గమనించవలసిన విశేషం ఒకటున్నది. ఫోల్డరు అనగా వస్తువులు పెట్టిన పెట్టె అని మనం చెప్పుకొన్నప్పటికీ, యూనిక్స్ వంటి వ్యవస్థలలో అది నిజానికి ఒక పట్టిక మాత్రమే. అందులో ఒకవైపు ఫైలు పేరు, రెండవవైపు ఒక సంఖ్య ఉంటాయి. ఆ సంఖ్యను బట్టి ఫైలు పరిమాణం, మార్చిన తేదీ, దానిలోని విషయం డిస్కుమీద ఉన్న చోటు తెలుస్తాయి. గ్రంథాలయంలోని కార్డులో పుస్తకం పేరు, వర్గసంఖ్య ఉన్నట్లే ఇదీను. కార్డు పోతే పుస్తకం అలమరలోనే ఉంటుంది. కాని పాఠకునికి లేనట్లే.

దూరాన ఉన్న కంప్యూటరులోని ఫైళ్ళను తెప్పించుకొనే పద్ధతికి తొలిరూపం ఇచ్చినవాడు ఒక భారతీయుడు. అలహాబాదులో జన్మించి, కాన్పూరు ఐ.ఐ.టి. తొలి బృందంలో చదివిన అభయ్ భూషణ్, అమెరికాలోని ఎమ్.ఐ.టి.లో ఉండగా 1971 ఏప్రిల్‌లో 'ఎఫ్.టి.పి.' అనే ఫైళ్ళ బదిలీ నియమావళిని ప్రకటించాడు. ఆ నియమావళికి 1985లో వెలువడిన ప్రమాణరూపంలో, ఫోల్డరులో ఏమేమి ఉన్నవో చెప్పుమని అడుగుటకు 'లిస్ట్' అనే ఆదేశం ఉన్నది. 1990లో కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయంలో ఆలన్ ఎమ్‌టేజ్ మొదలైనవారు 'ఆర్చీ' అనే సాధనం తయారుచేశారు. అది చేసిన పని ఒక్కటే: లోకంలోని ఎఫ్.టి.పి. సర్వర్ల జాబితాలన్నీ తెప్పించి, ఒకచోట పేర్చి, ఏ ఫైలు ఎక్కడ ఉన్నదో పేరునుబట్టి చెప్పుట. నేటి వెదకులాట యంత్రాలకు అది పూర్వజ.

స్క్రిప్టు చేసే పని

వెబ్ వచ్చిన తరువాత ఈ జాబితా బ్రౌజరు తెరమీదికి వచ్చినది. సర్వరు కొన్ని సందర్భాలలో తానే జాబితా చూపగలదు. ఒక ఫోల్డరు చిరునామా అడిగినప్పుడు అందులో 'ఇండెక్స్' అను పేరుగల ముఖపత్రం ఉన్నదేమో మొదట చూస్తుంది. ఉంటే దానిని పంపుతుంది. లేకపోతే, యజమాని అనుమతించిన పక్షంలో, ఆ ఫోల్డరులోని పేర్లన్నీ వరుసగా వ్రాసి పంపుతుంది. ఈ జాబితా మొరటుది. పేరు, తేదీ, పరిమాణం తప్ప మరేమీ చెప్పదు. కథ ఎవరిదో, ఏ భాషలో ఉన్నదో, ఎంతసేపు వినవలసి ఉంటుందో అందులో కానరాదు.

కనుకనే స్క్రిప్టు అవసరమైనది. స్క్రిప్టు అనగా సర్వరు చేయవలసిన పనులను వరుసగా వ్రాసియిచ్చిన చిన్న ఆదేశపత్రం. 1993లో బ్రౌజరు కోరికపై సర్వరులో ఇట్టి పత్రాలను నడిపించే ఏర్పాటు వాడుకలోకి వచ్చినది. 1995లో రాస్మస్ లెర్‌డార్ఫ్ విడుదల చేసిన 'పి.హెచ్.పి.' ఈ పనికి ఎంతో ప్రచారం పొందిన భాష.

ఒక ఉదాహరణ ఊహించుదాము. జగదల్‌పూర్‌లోని ఒక కళాశాల గ్రంథాలయం బస్తర్ కథలను, పాటలను సేకరించి తన సర్వరులో ఉంచదలచినది. 'సేకరణ' అనే పెద్ద ఫోల్డరు. దానిలో హల్బీకి, గోండీకి, ధుర్వీకి, దోర్లీకి వేర్వేరు ఫోల్డర్లు. ఒక్కొక్క దానిలో 'పాటలు', 'కథలు' అనే ఫోల్డర్లు. విద్యార్థి బ్రౌజరులో 'గోండీ' అన్న మాటమీద నొక్కినప్పుడు స్క్రిప్టు చేసే పనులు ఇవి.

మొదట అడిగిన ఫోల్డరు ఏదో తెలుసుకొంటుంది. పిమ్మట దానిని తెరచి పేర్లన్నీ చదువుతుంది, పి.హెచ్.పి.లో 'స్కాన్‌డిర్' అనే ఒక్క ఆదేశం ఈ పని చేస్తుంది. వచ్చిన పేర్లలో మొదటి రెండు వింతగా ఉంటాయి: ఒకటి ఒకే చుక్క, మరొకటి రెండు చుక్కలు. ఒక చుక్కకు 'ఈ ఫోల్డరే' అని అర్థం; రెండు చుక్కలకు 'దీనికి పై ఫోల్డరు' అని అర్థం. వీటిని స్క్రిప్టు పక్కకు తీస్తుంది. చుక్కతో మొదలయ్యే ఇతర పేర్లు సామాన్యంగా యంత్రం సొంత అవసరాలకు ఉద్దేశించినవి కాబట్టి వాటినీ విడిచిపెడుతుంది. తరువాత ఒక్కొక్క పేరునూ పరీక్షించి, అది ఫైలా, ఫోల్డరా అని నిర్ణయిస్తుంది. ఫోల్డర్లను ముందు, ఫైళ్ళను తరువాత పేర్చుతుంది. చివరకు ప్రతి పేరునూ నొక్కుటకు వీలైన లంకెగా మార్చి, పుటగా కూర్చి బ్రౌజరుకు పంపుతుంది. విద్యార్థి 'పాటలు' నొక్కితే ఇదే పని మరల మొదలవుతుంది. వెనుకకు పోవుటకు పైభాగాన 'సేకరణ, గోండీ, పాటలు' అని దారి చూపే వరుస ఒకటి ఉంచుట మంచి ఆచారం. అడవిలో బాటసారి చెట్లకు గుర్తులు పెట్టుకొన్నట్లు అది ఉపకరిస్తుంది.

పేర్లు, లిపులు, వరుసలు

చెప్పినంత సులభంగా పని ముగియదు. చిక్కు పేర్లలో ఉన్నది. కంప్యూటరు పేర్లను అక్షరాలుగా చూడదు. అక్షరానికి కేటాయించిన సంఖ్యగా చూస్తుంది. యూనికోడ్ అనే ప్రపంచ ప్రమాణంలో నాగరిలిపికి 2304 నుండి, తెలుగు లిపికి 3072 నుండి సంఖ్యలు మొదలవుతాయి. అందుచేత స్క్రిప్టు సంఖ్యలనుబట్టి వరుస పెడితే ఆంగ్లాక్షరాల పేర్లు ముందు, నాగరిలోనివి తరువాత, తెలుగువి ఆపైన వస్తాయి. ఒకే గోండీ కథ నాగరిలో ఒకచోట, తెలుగు లిపిలో వేరొకచోట పడుతుంది. ఒకే ఇంటి పిల్లలు వేర్వేరు గదులలో కూర్చున్నట్లు అవుతుంది.

గోండీకి సొంత లిపులు కూడా ఉన్నవి. మధ్యప్రదేశ్‌కు చెందిన మున్షీ మంగళ్ సింగ్ మసారాం 1918లో ఒక లిపి కల్పించాడు; అది 2017లో యూనికోడ్‌లో చేరినది. ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన వ్రాతప్రతుల లిపి 2018లో చేరినది. ఇవి ఆలస్యంగా వచ్చినవి కనుక వీటి సంఖ్యలు ఇంకా దూరాన, డెబ్బది వేలకు పైబడి ఉన్నవి. సంఖ్యల వరుసలో ఇవి అన్నిటికన్న అడుగున పడతాయి. ఈ వరుస ప్రాముఖ్యాన్ని సూచించేది కాదు. అయినా జాబితా చూచేవాని కంటికి అడుగున ఉన్నది తక్కువగానే తోచవచ్చు. కనుక జాబితా వ్రాసేవాడు యంత్రపు వరుసను అట్లే వదలక, పాఠకునికి తగిన వరుసను తానే నిర్ణయించవలసి ఉంటుంది.

పేరు పొడవులోనూ ఒక పరిమితి ఉన్నది. సర్వర్లలో ఎక్కువగా వాడే లినక్స్ వ్యవస్థలో ఫైలు పేరు 255 బైట్లకు మించరాదు. ఆంగ్లాక్షరానికి ఒక బైటు చాలును. తెలుగులో, నాగరిలో ప్రతి సంకేతానికి మూడు బైట్లు పడతాయి. గుత్తికి గాని, గుణింతానికి గాని వేరు సంకేతం కావాలి. గోండీ సొంత లిపులకు నాలుగేసి బైట్లు. అనగా 255 ఆంగ్లాక్షరాలు పట్టేచోట తెలుగు సంకేతాలు 85, గుంజాల లిపి సంకేతాలు 63 మాత్రమే పడతాయి. కథ పూర్తి పేరు, చెప్పినవారి ఊరు, తేదీ అన్నీ ఫైలు పేరులోనే ఇరికించాలనుకొనేవారు ఈ లెక్క తెలిసి ఉండాలి. ఫైలుకు పొట్టి సంఖ్యాత్మక నామం ఇచ్చి, వివరాలను ప్రక్కన వేరొక పట్టికలో వ్రాసి ఉంచుట ఉత్తమ మార్గం. గ్రంథాలయాలు ప్రవేశసంఖ్యతో చేసే పని ఇదే.

సంఖ్యలలోనూ జాగ్రత్త అవసరం. 'పాట 2', 'పాట 10' అను పేర్లను అక్షర వరుసలో పెడితే పదవది రెండవదానికంటె ముందు వస్తుంది. ఏలయన యంత్రం ఒక్కొక్క అంకెనే పోల్చుతుంది. 02, 10 అని వ్రాస్తే ఈ పొరపాటు ఉండదు. తేదీని సంవత్సరం, నెల, రోజు అనే క్రమంలో వ్రాస్తే కాలక్రమం దానంతట అదే కుదురుతుంది.

చూపవలసినవి, చూపరానివి

జాబితా తలుపు అని పైన చెప్పుకొన్నాము. తలుపునకు గడియ కూడా ఉండవలెను. స్క్రిప్టు సర్వరు లోపల, సర్వరు అధికారంతో పని చేస్తుంది. అది లోపలి అలమరలకు స్వేచ్ఛగా పోగల సహాయకుని వంటిది. చీటీ వ్రాసియిస్తే పుస్తకం తెచ్చిపెడుతుంది. అమాయకుడైన సహాయకుని చేతికి 'రెండు గదులు వెనుకకు పోయి కార్యాలయపు రిజిస్టరు పట్టుకొని రా' అన్న చీటీ ఇస్తే అతడు అదీ తెస్తాడు. ఫోల్డరు పేరుకు బదులు రెండు చుక్కలను మరల మరల వ్రాసి పంపి, 'సేకరణ' దాటి పైకి పోవుటకు యత్నించే దుండగుల పద్ధతి ఇదే.

దీనికి విరుగుడు కష్టం కాదు. అడిగిన చిరునామాను చుక్కలన్నీ తొలగే విధంగా పూర్తిగా విప్పి, అసలు చోటు ఏదో నిర్ణయించాలి. అది 'సేకరణ' లోపలిదైతేనే తెరవాలి, కాకపోతే నిరాకరించాలి. పేర్లలో దాగిన ఆజ్ఞలు బ్రౌజరులో నడవకుండా, వాటిని వట్టి అక్షరాలుగానే చూపే ఏర్పాటు కూడా చేయాలి. సర్వరు తానుగా ఇచ్చే మొరటు జాబితాను మాన్పించుట మరొక మంచి జాగ్రత్త.

బస్తర్ వంటి చోట ఈ జాగ్రత్త సాంకేతిక విషయంతో ఆగిపోదు. ఒక కూలివాడు తనకు రావలసిన డబ్బు రాలేదని ఫోనులో చెప్పుకొన్నాడనుకొందాము. అతని మాట లోకానికి చేరాలి; అతని ఫోను నంబరు చేరనక్కరలేదు. సరిచూడకముందు వచ్చిన మూలప్రతులు, ఫోను నంబర్ల పట్టికలు అందరికీ కనిపించే ఫోల్డరులో పడి ఉంటే, ఒక్క తెరచిన జాబితా అతనికి హాని తేవచ్చు. 'ఈ చిరునామా ఎవరికీ తెలియదులే' అన్న ధీమా నిలువదు. పరులకు చూపరాని ఫైళ్ళు వెబ్‌కు అందే ఫోల్డరులోనే ఉండరాదు. ప్రచురణకు తగినవి ఒక ఫోల్డరులో, పరిశీలనలో ఉన్నవి మరొక చోట ఉండుట మొదటి నియమం.

చెవికి జాబితా

తెరమీద పేర్లు చదవగలవానికి పైన చెప్పిన స్క్రిప్టు చాలును. చదవలేనివానికి? సీజీనెట్ స్వరలో రెండవ అంకె నొక్కినవానికి వినిపించేదీ ఒక జాబితాయే. యంత్రం విడుదలైన సందేశాలను చూచి, వరుస నిర్ణయించి, కంటికి బదులు చెవికి అందిస్తుంది. అయితే కన్ను ఒక్క చూపులో ఇరవై పేర్లు చూడగలదు. చెవి ఒకదాని తరువాత ఒకటిగానే వినగలదు. కనుక చెవికి అందించే జాబితా పొట్టిగా ఉండాలి. అంకెలు తక్కువగా ఉండాలి. చెప్పే భాష వినేవానిదై ఉండాలి.

ఆ భాష విషయంలోనూ కొంత పని జరిగినది. రాష్ట్రానికొక తీరున మాట్లాడే గోండీకి ఉమ్మడి పదకోశం కావాలని వివిధ రాష్ట్రాల గోండులు 2014 నుండి సమావేశాలు జరిపారు. మూడువేలకు పైగా మాటలతో ఆ నిఘంటువు 2018లో వెలువడినది. అదే సంవత్సరం సీజీనెట్ స్వర, ప్రథమ్ బుక్స్ కలసి నడిపిన కార్యశాలలో రెండువందల పిల్లల కథలు గోండీలోకి వచ్చినవి. ఇట్టి కథలను కోంటా పిల్లవాడు, ఉట్నూరు పిల్లవాడు, గడ్చిరోలి పిల్లవాడు ఒకే అరనుండి తీసుకొనగలిగితే, మూడు రాష్ట్రాల హద్దులు వారి మాటను విడదీయలేవు.

పాఠశాలలకు, కళాశాలలకు ఇందులో చేయదగిన పని ఉన్నది. గ్రంథాలయంలో ఒక కంప్యూటరు, విద్యార్థులు తమ పెద్దలనుండి అనుమతితో సేకరించిన పది పాటలు, శ్రద్ధగా పెట్టిన పేర్లు, ముప్పది నలుబది పంక్తుల స్క్రిప్టు ఉంటే ఆరంభానికి చాలును. ఇంటర్నెట్ లేకున్నా గదిలోని కంప్యూటర్ల మధ్య అది నడుస్తుంది. పాడినవారి పేరు వేయుటకు వారి సమ్మతి ఉన్నదా, పాట ఏ ఊరిది, ఏ భాషది అన్న మూడు వివరాలు మొదటి దినమే వ్రాసి ఉంచాలి. పదేళ్ళ తరువాత వాటిని చెప్పగలవారు ఉండకపోవచ్చు. ఆనాడు ఆ అరను తెరచిన విద్యార్థికి తన తాత పాట ఎక్కడ ఉన్నదో ఆ జాబితాయే చెబుతుంది.